మోకీలు మార్పిడి తరువాత ఫిజియోథెరపీ: వీడియో కాల్ సరిపోతుందా, మనిషి రావాలా?

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ అమ్మగారికి 66 ఏళ్లు. వచ్చే నెలలో హైదరాబాదులో కుడి మోకాలికి కీలు మార్పిడి చేయబోతున్నారు. నాలుగైదు రోజుల్లో ఇంటికి పంపించేసి, ఆ తరువాత వ్యాయామాలను వీడియో కాల్‌లో చేయిస్తామని ఆసుపత్రివారు అన్నారు. మీ ఊరు పల్నాడులో ఉంది, ఫిజియోథెరపిస్టు దొరికే నరసరావుపేట అక్కడికి ముప్ఫై కిలోమీటర్ల దూరం. ఇంట్లో మీ నాన్నగారు, మీ తమ్ముడి భార్య ఉంటారు, మీరు డాలస్‌లో ఉన్నారు. మనిషి వచ్చి కాలు వంచకపోతే కీలు బిగుసుకుపోతుందని బంధువులు భయపెడుతున్నారు. ఏం చేయాలి, పూజకు కింద కూర్చోవడం మళ్లీ సాధ్యమవుతుందా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

వీడియో ద్వారా చేయించవచ్చు, భయపడనక్కరలేదు. అయితే ఒక షరతు ఉంది. మొదటి ఆరు వారాల్లో కనీసం రెండుసార్లు, అంటే కుట్లు తీసే సమయంలో ఒకసారి, ఆరో వారంలో ఒకసారి, అనుభవమున్న ఫిజియోథెరపిస్టు ఆ మోకాలిని చేత్తో పట్టుకుని పరీక్షించాలి. ఆ రెండూ కుదిరితే, మిగిలిన రోజుల వ్యాయామం ఫోన్ మీద నడిపించినా మీ అమ్మగారిలాంటి మామూలు కేసులో ఫలితానికి లోటు రాదు. కుదరకపోతే మాత్రం ఒక్క వీడియోనే నమ్ముకోమని నేను చెప్పను. నేను ఎముకల వార్డులోనూ, ఇళ్లకు వెళ్లీ, కోవిడ్ కాలం నుంచి వీడియోలోనూ ఈ పని చేస్తున్న ఫిజియోథెరపిస్టును. ఏ పద్ధతి ఎక్కడిదాకా పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో దగ్గరగా చూసి చెబుతున్న మాటలివి.

మీ బంధువుల అనుమానాన్ని పరీక్షించి చూసినవారు ఉన్నారు. కెనడాలోని క్యుబెక్‌లో 205 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టు వారి ఇళ్లకు ఫిజియోథెరపిస్టును పంపారు, రెండో జట్టు వారికి రెండు నెలల్లో 16 సార్లు వీడియోలో వ్యాయామం చేయించారు. 2015లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం వీడియో జట్టు ఏమీ వెనకబడలేదు. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 300 మందికి పైగా రోగులతో చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, తెర మీద బొమ్మ మనిషి వ్యాయామాన్ని చేసి చూపిస్తుంటే కెమెరా రోగి కదలికలను కొలిచేది, ఫిజియోథెరపిస్టు దూరం నుంచి వాటిని గమనించేవారు. 12 వారాలకు ఈ పద్ధతి ఫలితమూ, మామూలు ఫిజియోథెరపీ ఫలితమూ సమానంగా ఉన్నాయి, ఖర్చు మాత్రం వీడియో పద్ధతిలో బాగా తగ్గింది. సిడ్నీలో 165 మందితో చేసిన మరో అధ్యయనం 2017లో వచ్చింది. ఆపరేషన్ తరువాత పది రోజులు పునరావాస కేంద్రంలో చేర్చుకుని వ్యాయామం చేయించినవారూ, నేరుగా ఇంటికి వెళ్లి ఇంటి వ్యాయామాలతో సరిపెట్టుకున్నవారూ ఆరు నెలల తరువాత ఆరు నిమిషాల్లో నడిచిన దూరంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఈ అధ్యయనాలను మన ఊళ్లకు యథాతథంగా తెచ్చి అతికించలేము. అక్కడ చేరినవారిలో చిక్కుల్లేని కేసులే ఎక్కువ, నెట్ కనెక్షన్ నిలకడగా ఉండేది, వీడియోకు అవతల ఉన్నది శిక్షణ పొందిన మనిషి. మన దగ్గర ఆపరేషన్‌కు వచ్చేసరికే చాలామంది మోకాళ్లు దొడ్డికాళ్లుగా వంగిపోయి, ఏళ్ల తరబడి పూర్తిగా చాపలేని స్థితిలో ఉంటాయి. తొడ కండరం అప్పటికే సన్నబడి ఉంటుంది. పైగా "వీడియో ఫిజియోథెరపీ" అన్న పేరు మీద కొన్నిచోట్ల దక్కేది ముందే చిత్రీకరించిన వ్యాయామాల లింకు మాత్రమే. మీ ఆసుపత్రివారు అంటున్నది ఎదురుగా మనిషి కనిపించి మాట్లాడే వీడియో కాలా, లేక లింకా అన్నది ముందుగా కనుక్కోండి. వారానికి ఎన్నిసార్లు చేస్తారు, ప్రతిసారీ ఒకే ఫిజియోథెరపిస్టు ఉంటారా, ఫిజియోథెరపీలో డిగ్రీ చేసినవారేనా, మోకాలి కోణాన్ని ఎలా కొలిచి ఎక్కడ రాస్తారు అని అడగండి. ఈ చివరి ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే ఆ సేవకు డబ్బు కట్టకండి.

దూరం నుంచి చేయించినా ఫలితం ఎందుకు వస్తుందో చెబుతాను. కొత్త కీలు అమర్చిన తరువాత ఆ కాలికి కావలసినవి మూడు: పూర్తిగా చాపగలగడం, తగినంత వంచగలగడం, తొడ ముందు కండరంలో బలం తిరిగి రావడం. ఆపరేషన్ జరిగిన తొలి నెలలో ఆ కండరం తన బలంలో సగానికి పైగా కోల్పోతుంది. దాన్ని తిరిగి తెచ్చేది రోజుకు నాలుగైదు విడతలుగా రోగి స్వయంగా చేసే వ్యాయామమే. ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చినా ఉండేది ముప్పావుగంట, మిగిలిన రోజంతా మీ అమ్మగారి చేతుల్లోనే ఉంటుంది. మనిషి వచ్చి చేయిస్తారులే అని ఆ ముప్పావుగంట కోసం ఎదురుచూస్తూ తక్కిన సమయమంతా దిండు మీద కాలు పెట్టుకుని పడుకున్నవారికంటే, వీడియోలో నేర్చుకుని గంటగంటకూ మడమను మంచం మీద జరుపుకున్నవారే ముందుగా నడవడం నేను ఎన్నోసార్లు చూశాను.

వంగడం గురించి అందరూ అడుగుతారు, చాపడం గురించి ఎవరూ అడగరు. నా దృష్టిలో మొదటి నెలలో చాపడమే ముఖ్యం. చదునైన నేల మీద నడవడానికి మోకాలు 65 డిగ్రీలకు అటూఇటూగా వంగితే చాలు, మెట్లు ఎక్కి దిగడానికీ కుర్చీలోంచి లేవడానికీ 90 డిగ్రీలకు కాస్త అటూఇటూగా కావాలి. కానీ కాలు పూర్తిగా చాపుకోకపోతే ప్రతి అడుగులోనూ కుంటు కనిపిస్తుంది, తొడ కండరం త్వరగా అలసిపోతుంది, కొన్నాళ్లకు నడుమూ నొప్పి పెడుతుంది. అందుకే మోకాలి కింద దిండు పెట్టవద్దు, మడమ కింద పెట్టండి అని డిశ్చార్జి రోజున ఇంటివారితో ఒకటికి రెండుసార్లు చెప్పిస్తాను. మోకాలి కింద దిండు హాయిగా ఉంటుంది కనుక ప్రేమ కొద్దీ ఎవరో ఒకరు తెచ్చి పెట్టేస్తారు.

వీడియోకు సాధ్యం కాని పని ఇక్కడే ఎదురవుతుంది. కాలు కొద్దిగా వంగి ఉండిపోయిన రోగిని తెర మీద చూస్తే, కీలే బిగుసుకుని చాపుకోవడం లేదో, కీలు చాపుకుంటున్నా కండరం నిలబెట్టలేకపోతోందో తెలియదు. రెండూ ఒకేలా కనిపిస్తాయి, చికిత్సలు మాత్రం వేరు. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు వీడియోలో చెప్పినవన్నీ నోటుబుక్కులో రాసుకుని మరీ శ్రద్ధగా చేసేవారు. అయినా కాలు గాలిలోకి ఎత్తినప్పుడల్లా మోకాలు వంగిపోయేది. కుట్లు తీసిన రోజున నేను మడమ కింద చెయ్యి పెట్టి ఎత్తితే కీలు నిక్కచ్చిగా చాపుకుంది, చెయ్యి తీయగానే వాలింది. అది కండరం నీరసం. సాగదీసే వ్యాయామాలు తగ్గించి, వ్యాయామం చేసే కాసేపు మాత్రం మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి మడమను మాత్రమే పైకెత్తే వ్యాయామానికి మార్చాము. దానికి సరిగ్గా విరుద్ధంగా, మరొక పెద్దావిడకు నేను ఎత్తినా మోకాలు చాపుకోలేదు. ఆమెకు వెనక వైపు బిగువు వదిలేదాకా బలం పెంచే వ్యాయామాలు రెండో స్థానంలో ఉంచవలసి వచ్చింది. ఈ తేడా చేతికి ఒక్క నిమిషంలో తెలుస్తుంది, ఎంత మంచి కెమెరాకైనా తెలియదు. అలాగే మోకాలి చిప్ప అటూఇటూ ఎంత జరుగుతోందో, వంచినప్పుడు చివర తగిలేది గట్టి అడ్డా లేక నొప్పికి బిగబట్టిన కండరమా అన్నవి కూడా పట్టుకుని చూస్తేనే అర్థమవుతాయి. నేను పెట్టిన షరతుకు కారణం ఇదే.

ఇక వీడియోకు ఉన్న ఒక మేలును మా వృత్తిలోనివారే తక్కువ చేసి మాట్లాడతారు. ఆసుపత్రిలో నేను చూసేది నున్నటి నేల, రెండువైపులా పట్టుకునే కమ్ములున్న మెట్లు. ఫోన్‌లో కనిపించేది ఆ మనిషి బతికే ఇల్లు. ఎత్తైన గడప దగ్గర వాకర్ ఎలా దాటిస్తున్నారో, పెరట్లో స్నానాల గది ముందు నీళ్లు ఎలా నిలిచి ఉన్నాయో, మంచం ఎంత కిందికి ఉందో కనబడుతుంది. ఒకావిడ వారం రోజులు చెప్పినట్టే చేసినా కాలు చాపుకోవడం లేదని కోడలు కంగారు పడింది. ఫోన్‌ను కాస్త కిందికి దించి మంచం పక్కనుంచి చూపించమన్నాను. అది నవారు మంచం, పట్టీ వదులై నడిమి భాగం ఉయ్యాలలా దిగిపోయి ఉంది. తుంటి లోతులో, మడమ ఎత్తులో ఉంటే మోకాలు చాపుకునే వీలెక్కడిది? చెక్క బల్ల మీద పలచటి పరుపు వేసి పడుకోబెట్టిన తరువాత ఆ తొడ కండరం పనిచేయడం మొదలుపెట్టింది. ఆమె ఆసుపత్రికే వచ్చి ఉంటే ఆ మంచం సంగతి నాకు తెలిసేది కాదు. మీ ఇంట్లో కూడా నవారు, నులక మంచాలు ఉంటే ఆపరేషన్‌కు ముందే పక్కకు పెట్టించండి.

వీడియో సరిగ్గా పనిచేయాలంటే ఏర్పాటు బాగుండాలి. ఫోన్‌ను మంచం పక్కన, మోకాలి ఎత్తులో, తుంటి నుంచి మడమ దాకా కనిపించేలా స్టూలు మీద నిలబెట్టాలి. తుంటి కనిపించకపోతే, మడమను వెనక్కి లాగేటప్పుడు తుంటిని పైకెత్తి మోకాలు ఎక్కువ వంగినట్టు అనిపింపజేయడం రోగికి తెలియకుండానే జరిగిపోతుంది. చీర కట్టుకుని చేస్తే మోకాలు కనిపించదు, కుచ్చిళ్లు కాలికి అడ్డం పడతాయి. మోకాలి పైదాకా మడుచుకోగల నైటీ గానీ వదులైన పైజామా గానీ నయం. కెమెరా ముందు మోకాలు చూపించడానికి పెద్దవాళ్లు మొహమాటపడతారు. అది సహజమే కనుక మహిళా ఫిజియోథెరపిస్టును అడగడానికి వెనుకాడకండి, కాల్ సమయంలో గదిలో ఎవరు ఉండాలన్నది మీ అమ్మగారి ఇష్టానికి వదిలేయండి.

నిలబడి చేసే వ్యాయామాలు ఏవైనా సరే, పక్కన ఒక మనిషి లేకుండా చేయించకూడదు. తూలితే అవతలివైపు ఉన్న ఫిజియోథెరపిస్టు పట్టుకోలేరు. మీ మరదలు ఆ బాధ్యత తీసుకుంటే, డిశ్చార్జికి ముందు రోజు ఆమెను ఆసుపత్రిలో ఉండమనండి. మంచం మీద నుంచి లేపడం, వాకర్‌తో తిప్పడం, మెట్ల దగ్గర ఎక్కడ నిలబడాలన్నది వార్డులోనే ఆమె చేత చేయించి చూపించమని అడగండి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు. ఈ ఒక్క సూత్రం ఇంట్లో అందరికీ కంఠతా రావాలి. నొప్పి మాత్ర వ్యాయామానికి అరగంటో ముప్పావుగంటో ముందు పడాలి, వ్యాయామం అయ్యాక గుడ్డలో చుట్టిన ఐసు ముక్కలను పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టాలి.

కొలతల విషయంలో పట్టుదలగా ఉండండి. వారానికి ఒక రోజు, అదే మంచం మీద, అదే వైపు నుంచి రెండు ఫోటోలు తీయించండి: ఒకటి కాలు పూర్తిగా చాపి, ఇంకొకటి వీలైనంత వంచి. ఆ ఫోటోల మీద కోణం కొలవడం ఫిజియోథెరపిస్టుకు కష్టం కాదు, డాలస్‌లో ఉన్న మీకూ మార్పు కళ్లకు కనిపిస్తుంది. నేను పెట్టుకునే గురుతులు ఇవి. రెండో వారం చివరకు 90 డిగ్రీల దగ్గరికి వంగాలి, చాపినప్పుడు కొద్దిపాటి వంపు మాత్రమే మిగలాలి. ఆరో వారానికి 105 నుంచి 110 దాకా వంగి, చాపడం దాదాపు పూర్తి కావాలి. మూడు వారాలు దాటినా 90 రాకపోతే, లేదా రెండు వారాల వరుస ఫోటోల్లో ఏ మార్పూ లేకపోతే, వీడియో ఆపి మనిషి దగ్గరకు తీసుకువెళ్లండి. ఆరు వారాలకు కూడా 90 రాకపోతే సర్జన్ చూడాలి. బిగుసుకున్న కీలును మత్తు ఇచ్చి వంచే ప్రక్రియ ఒకటి ఉంది. అది అవసరమైతే మొదటి మూడు నెలల్లోపు చేస్తేనే మంచి ఫలితం ఉంటుంది కనుక ఇంకొన్నాళ్లు చూద్దామనే మాట ఇక్కడ నష్టం చేస్తుంది.

ఆపరేషన్‌కు ముందు ఆ మోకాలు ఎంత వంగేదో కూడా రాయించి పెట్టుకోండి. ముందే 80 డిగ్రీలకు మించి వంగని మోకాలు తరువాత 120 వంగాలని ఆశించడం రోగిని బాధపెట్టడమే అవుతుంది.

బంధువులు చెబుతున్న కాలు వంచే మనిషి గురించి ఒక మాట. కొందరు ఇంటికి వచ్చి, రోగి కేకలు పెడుతున్నా పిక్క పట్టుకుని బలవంతంగా మడమను వెనక్కి నొక్కుతారు. వారిలో డిగ్రీ ఉన్నవారూ ఉన్నారు, లేనివారూ ఉన్నారు. అలా చేసిన మర్నాడు మోకాలు ఉబ్బిపోతుంది, ఉబ్బిన మోకాలిలో తొడ కండరం పనిచేయడం మానేస్తుంది, వారం రోజుల లాభం పోతుంది. వ్యాయామంలో నొప్పి ఉండడం మామూలే, అది గంట రెండు గంటల్లో తగ్గి మర్నాటికి వాపు పెరగకుండా ఉండాలి. నూనె మర్దనలు, వేడి కాపడాలు గాయం పూర్తిగా మానేదాకా దగ్గరికి రానివ్వకండి.

కొన్ని విషయాలు మిమ్మల్ని అనవసరంగా కంగారు పెడతాయి. మచ్చకు బయటివైపు చర్మం మొద్దుబారినట్టు ఉండడం, కొన్ని నెలలపాటు ఆ మోకాలు రెండోదానికంటే వెచ్చగా ఉండడం, నడిచేటప్పుడు లోపల టిక్కుమనే చప్పుడు, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం చాలామందిలో ఉండేవే. కానీ గాయం నుంచి చీము గానీ ఆగకుండా తడి గానీ వస్తున్నా, చలిజ్వరం వచ్చినా, పిక్క గట్టిపడి నొప్పితో ఉబ్బినా, పాదం పైకి ఎత్తలేకపోయినా, పడిపోయినా, వీడియో కాల్ వేళ దాకా ఆగకుండా అదే రోజు సర్జన్‌ను సంప్రదించాలి. పిక్క వాపు వెనక రక్తం గడ్డ ఉండవచ్చు. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఇంక ఎవరినీ అడగకుండా 108కి ఫోన్ చేయండి.

వీడియో పద్ధతి అసలు వద్దని నేను చెప్పే రోగులు కూడా ఉన్నారు. పక్షవాతం వచ్చి తగ్గినవారు, పార్కిన్సన్స్ ఉన్నవారు, మతిమరుపు ముదిరినవారు, వినికిడి బాగా తగ్గినవారు, ఆపరేషన్ తరువాత పాదం వాలిపోయినవారు, రెండోసారి కీలు మార్పించుకున్నవారు, ఇంట్లో తోడు ఎవరూ లేనివారు ఆ కోవలోకి వస్తారు. రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించుకున్నవారికి కనీసం మొదటి రెండు వారాలు మనిషి దగ్గర ఉండాలి. మీ అమ్మగారికి షుగరు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే గాయం మానడం మెల్లగా సాగవచ్చు కనుక కుట్లు తీసే నాటి పరీక్షను ఏ కారణంగానూ వాయిదా వేయకండి.

దీన్ని మీ ఊరికి అన్వయిస్తే ఇలా చేయవచ్చు. కుట్లు సాధారణంగా పన్నెండు నుంచి పద్నాలుగు రోజులకు తీస్తారు. హైదరాబాదు సర్జన్ ఒప్పుకుంటే అది నరసరావుపేటలోనే చేయించి, అదే రోజు అక్కడి ఫిజియోథెరపిస్టుకు మోకాలు చూపించండి. ఆ కొలతలను వీడియోలో చూసేవారికి పంపించమనండి, ఈ ఇద్దరూ ఒకసారి ఫోన్‌లో మాట్లాడుకుంటే మరీ మంచిది. ఆరో వారం హైదరాబాదులో సర్జన్ చూసే రోజునే అక్కడి ఫిజియోథెరపిస్టుకూ చూపిస్తే రెండో పరీక్ష జరిగిపోతుంది. రోజూ మనిషిని ఇంటికి రప్పించడానికి మీరు పక్కన పెట్టిన డబ్బు ఉంటే, దానిలో కొంత ఈ రెండు ప్రయాణాలకూ సౌకర్యంగా కాలు చాపుకుని కూర్చునే కారుకూ, కొంత పాశ్చాత్య పద్ధతి కమోడ్‌కూ, స్నానాల గదిలో పట్టుకునే కమ్మీలకూ వెచ్చించండి.

చివరగా పూజ సంగతి. బాసింపట్టు వేసుకుని కూర్చోవడానికి కొత్త మోకాలు బాగా వంగడంతో పాటు కొంత మెలిక కూడా తిరగాలి. అన్నిటికన్నా కింద నుంచి పైకి లేచేటప్పుడు కీలు మీద పడే బరువు చాలా ఎక్కువ. అందుకే ఎక్కువమంది సర్జన్లు నేల మీద కూర్చోవద్దనే చెబుతారు, నేనూ అదే చెబుతాను. పీట మీద కూర్చుంటానని ఆమె పట్టుబట్టినా ఒప్పుకోకండి, పీట ఎత్తు ఆ మోకాలికి చాలదు. పూజ మానుకోవలసిన అవసరం మాత్రం లేదు. చేతులున్న గట్టి కుర్చీలో కూర్చుంటే దీపం, పటాలు చేతికి అందే ఎత్తులో ఉండేలా మందిరాన్ని బల్ల మీదికి మార్పించండి. ఆ మార్పు ఆపరేషన్‌కు వెళ్లకముందే, ఆమె చేత దగ్గరుండి చేయించండి. ఇంటికి వచ్చాక ఎవరూ లేని వేళ కిందికి వంగే అవసరం ఆమెకు రాకుండా ఉంటుంది.